మన ఊరి రాయి, యూనివర్సిటీ లైబ్రరీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1977లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. మా లెక్కల సారు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఆయన ముందు నిలబడి మాట్లాడాలంటే ఇప్పటికీ చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. సార్, తప్పులుంటే సభ అయ్యాక చెప్పండి, ఇప్పుడే లేవకండి.

మన కార్యదర్శి ఫోన్ చేసి, "పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు, నీ ఉద్యోగం కథలు వద్దు" అన్నాడు. కథ ఒక్కటి చెప్పక తప్పదు. మిగిలినదంతా పనికొచ్చేదే చెబుతాను.

ఈ నాలుగైదేళ్లలో మన బడిలో చదివిన పిల్లలు కొందరు డిగ్రీలోనూ, పీజీలోనూ జియాలజీ తీసుకున్నారు. నాకు చాలా సంతోషం. నేను ముప్పై అయిదేళ్లు భూగర్భ జలాల పనిలో ఉన్నానని తెలిసి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, కర్నూలు రాళ్ల మీద మెటీరియల్ ఉంటే వాట్సాప్‌లో పెట్టండి" అంటారు. "మీ యూనివర్సిటీ లైబ్రరీకి పోయి చూశావా?" అని అడుగుతాను. "అక్కడేముంటాయి సార్, అన్నీ పాత పుస్తకాలే" అంటారు. ఈ మాట ఒకరు కాదు, ముగ్గురు అన్నారు. అందుకే ఈరోజు ఈ విషయం ఎంచుకున్నాను.

పిల్లలూ, మీరు కూర్చున్న బండ ఒకసారి చూడండి. నాపరాయి. మా నాయన గునపంతో, సుత్తితో ఇలాంటి బండలు లేపినవాడే. ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఇళ్లలో అన్నం పెట్టింది ఈ రాయే. యూనివర్సిటీకి పోయేదాకా దీనికి బండ అనే ఒక్క పేరే ఉందనుకున్నాను. పుస్తకంలో దీని పేరు నార్జి సున్నపురాయి. నార్జి కడప జిల్లాలో ఒక పల్లెటూరు. దాని కింద ఉండేది బనగానపల్లె క్వార్ట్‌జైట్, వజ్రాల కోసం జనం తవ్విన రాయి అదే. నార్జి పైన అవుకు షేలు, ఆ పైన పాణ్యం క్వార్ట్‌జైట్, దాని మీద కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికంటే పైన నంద్యాల షేలు. షేలు అంటే బురద గట్టిపడి పొరలు పొరలుగా అయిన మెత్తటి రాయి. బస్సు కండక్టర్ స్టేజీల పేర్లు అరిచినట్టుంది కదా! ప్రపంచంలో ఏ దేశంలోనైనా మన ప్రాంతపు రాళ్ల గురించి చదివేవాడు ఈ ఊళ్ల పేర్లు పలకాల్సిందే. ఈ రాళ్ల వరసను పద్ధతిగా రాసిపెట్టినవాడు విలియం కింగ్ అనే ఆయన. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేశాడు. 1872లో ఆ సంస్థ మెమాయిర్ల 8వ సంపుటంగా అది అచ్చయింది. 'పాత పుస్తకాలు' అని పిల్లలు తీసిపారేసిన వాటిలో అదొకటి.

ఇప్పుడు కథ.

1983 వేసవి. ఎమ్మెస్సీ మొదటి ఏడాది పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. మా చిన్నాయన వాళ్లది కోయిలకుంట్ల వైపు ఊరు. తొమ్మిదెకరాల నల్లరేగడి చేను, అంతా వాన మీదే. "ఏమప్పా, రాళ్ల చదువు చదువుతుండావంట గదా, మన చేన్లో బోరు పాయింటు నువ్వే చూపీ" అన్నాడు. ఆ ఊళ్లో టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన అప్పటికే చేనికి పడమటి గట్టు దగ్గర ఒక చోటు చూపించి ఉన్నాడు. నేను నవ్వాను. సంచిలో సుత్తి, మెడలో దిక్సూచి వేసుకుని చేనంతా తిరిగాను. తూర్పున వంక ఉంది, నేల అటే వాలుగా ఉంది, కాబట్టి నీళ్లు అక్కడే ఉంటాయని తేల్చాను. అక్కడ రాయి పెట్టి గుర్తు చేశాను.

బోరు బండి వచ్చింది. నల్లమన్ను అయిపోయాక బూడిద రంగు పొడి మొదలైంది. నూట ఎనభై అడుగుల దాకా అదే పొడి, చెమ్మ అన్నది లేదు. చిన్నాయన నా దగ్గరకొచ్చి, "ఇంకొంచెం పోనిద్దామా?" అని అడిగాడు. పోనియ్యమన్నాను. రెండు వందల అడుగుల దగ్గర బండివాడే ఆపేశాడు. ఆ బోరు కోసం ఆయన ఎద్దుల జత అమ్మాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని "అన్నం తిను నాయనా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

సెలవులయ్యాక యూనివర్సిటీలో సెమినార్ ఇచ్చారు. కర్నూలు శిలల మీద మాట్లాడమన్నారు. అంతవరకు లైబ్రరీ అంటే నాకు పరీక్షల ముందు ఫ్యాన్ కింద కూర్చునే చోటు. కార్డుల సొరుగు లాగి 'కర్నూలు' అని ఇప్పటి స్పెల్లింగుతో వెతికాను. రెండు కార్డులు దొరికాయి, రెండూ సెన్సస్ పుస్తకాలే. కౌంటర్‌లో ఉన్నాయన జియాలజీ చదివినవాడు కాదు. నా స్లిప్పు చూసి, "దొరల కాలం పుస్తకం కావాలంటే దొరలు రాసినట్టు వెతకాలి బాబూ" అన్నాడు. సొరుగు ఆయనే లాగి కె, ఎ, ఆర్, ఎన్, యు, ఎల్ అని చూపించాడు. కింగ్ పుస్తకం పేరులో కర్నూలు అలాగే ఉంది, కడప కూడా 'కె'తో మొదలై 'హెచ్'తో ముగుస్తుంది. ఇదే కడపను వేరే పుస్తకాల్లో 'సి'తో మొదలుపెట్టి రెండు 'డి'లు వేసి రాశారు. కృష్ణను కిస్ట్నా అన్నారు, విశాఖపట్నాన్ని వైజాగపటం అన్నారు. ఈ రోజు మీరు కంప్యూటర్లో కొట్టినా ఇదే తంటా. ఒక స్పెల్లింగుతో ఏమీ రాలేదంటే ఆ విషయం మీద పుస్తకం లేదని అర్థం కాదు. పాత పేరు ఏమిటో తెలుసుకుని మళ్లీ కొట్టాలి.

కింగ్ పుస్తకంలో మడతలు పెట్టిన మ్యాపు ఉంది. పెద్ద బల్ల మీద, చిరగకుండా, ఆ కౌంటర్ ఆయనే విప్పి చూపించాడు. కోయిలకుంట్ల కనిపించింది. సున్నపురాయికి ఒక రంగు, షేలుకు ఒక రంగు. కానీ మా చిన్నాయన చేను ఆ మ్యాపులో సూదిమొనంత కూడా ఉండదు. అది చెబితే ఆయన ఇంకో మాట అన్నాడు. "మీ డిపార్ట్‌మెంటులో పాత పిల్లల డిసర్టేషన్లు ఉంటాయి, అవి మా దగ్గరకు రావు, అక్కడ అడుగు."

స్టోరు గది పక్కన ఒక బీరువా. తాళం అటెండర్ దగ్గర. అందులో 1977లో ఒక సీనియర్ టైపు చేయించి సమర్పించిన డిసర్టేషన్ కార్బన్ కాపీ దొరికింది. ఆయన పనిచేసింది సరిగ్గా ఆ ఊళ్లలోనే. అక్కడ నేలంతా రేగడి, కింద ఏ రాయి ఉందో పైకి కనబడదు. అందుకని ఆయన ఊరూరా బావుల దగ్గరకు పోయి, తవ్వినప్పుడు గట్టున పోసిన రాళ్లు చూసి మ్యాపు గీశాడు. చివర్లో బావుల పట్టిక పెట్టాడు: ఊరు, లోతు, వేసవిలో నీటిమట్టం, తగిలిన రాయి. వంకను, బండ్ల దారిని బట్టి మా చేను ఎక్కడుందో గుర్తుపట్టాను. సున్నపురాయికీ షేలుకూ మధ్య గీత చేనికి అడ్డంగా పోయింది. నేను చూపించిన తూర్పు కొస నంద్యాల షేలు మీద ఉంది. ఆ వైపు బావుల పక్కన 'వేసవిలో ఎండుతుంది' అని వరసగా రాసి ఉంది. పడమటి గట్టు కోయిలకుంట్ల సున్నపురాయి. సున్నపురాయిలో పగుళ్లుంటాయి, నీళ్లు ఆ పగుళ్లను కరిగించి వెడల్పు చేసుకుని దాంట్లోనే పారుతాయి. మా వైపు షేలులో అలాంటి సందులు తక్కువ. ఈ సంగతి నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

టెంకాయ ఆయన చూపించింది సున్నపురాయి వైపే. అది టెంకాయ మహిమ అని నేను చెప్పను. ఊళ్లో ఏ బావి ఎప్పుడు ఎండిందో నలభై ఏళ్లుగా చూసినవాడు ఆయన. ఆ పట్టిక ఆయన తలలో ఉంది. రాతలో ఉన్నది మా డిపార్ట్‌మెంటు బీరువాలో ఆరేళ్లుగా ఉంది. నేను ఈయననూ అడగలేదు, ఆ బీరువానూ తెరవలేదు.

ఉద్యోగం వచ్చాక 1991లో ఆ పడమటి గట్టు దగ్గర బోరు వేయించాను. మరీ గొప్ప నీళ్లేం కాదు, రెండెకరాలు తడిసేవి. అప్పటికి చిన్నాయన ఏడేళ్లు వేరేవాళ్ల క్వారీలో కూలికి పోయి ఉన్నాడు. ఆయన కొడుకు, మా తమ్ముడు, ఈ సభలోనే మూడో వరసలో ఉన్నాడు. నేను ఈ సంగతి చెప్పడం వాడికి ఇష్టముండదు. మన్నించు రా.

ఇక పనికొచ్చే మాటలు.

లైబ్రరీలో జియాలజీ ఒక్క బీరువాలో ఉండదు. చాలా లైబ్రరీలు డ్యూయీ పద్ధతిలో పుస్తకాలకు నంబర్లు వేస్తాయి. 550 నుంచి భూశాస్త్రాలు. 551 సాధారణ జియాలజీ, 552 శిలలు, 553 ఖనిజ సంపద, 555.4 మన దేశపు జియాలజీ. ఖనిజశాస్త్రం మాత్రం ముందుకు పోయి 549లో కూర్చుంటుంది, శిలాజాలు 560లో ఉంటాయి. గనుల తవ్వకం ఇంజనీరింగ్ వైపు 622లో, నేలల శాస్త్రం వ్యవసాయంలో 631.4లో. ఒక్క భూగర్భ జలమే తీసుకోండి. భూశాస్త్రంగా చూస్తే 551.49, నీటి సరఫరాగా చూస్తే 628.1, వనరుగా చూస్తే 333.91. మూడూ మూడు చోట్ల, ఒక్కోసారి మూడు అంతస్తుల్లో. కొన్ని పాత లైబ్రరీలు మన రంగనాథన్ గారి కోలన్ పద్ధతి వాడాయి, అందులో జియాలజీ 'హెచ్' అక్షరం కింద ఉంటుంది. అందుకే ముందు కేటలాగు, తర్వాత నడక. నడిచాక మాత్రం మీరు వెతికిన పుస్తకం ఒక్కటే తీసుకుని రావద్దు. దానికి అటు పది, ఇటు పది చూడండి. నాకు దొరికిన మంచి పుస్తకాల్లో సగం అలా పక్కన దొరికినవే.

పొట్టి పేర్లతో జాగ్రత్త. 'జీఎస్‌ఐ మెమాయిర్ 6' అని ఎక్కడైనా కనిపిస్తే ఏ జీఎస్‌ఐ అని అడగండి. ఒకటి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, 1851లో మొదలైన ప్రభుత్వ సంస్థ. ఇంకొకటి జియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా, 1958లో బెంగళూరులో పెట్టుకున్న శాస్త్రవేత్తల సంఘం. ఇద్దరికీ మెమాయిర్లు ఉన్నాయి, ఇద్దరివీ 1 నుంచే లెక్క. సొసైటీ వారి 6వ మెమాయిర్ 1987లో వచ్చింది, బి.పి. రాధాకృష్ణ గారు సంపాదకులు. మన కడప, కర్నూలు రాళ్లవంటి పాత అవక్షేప శిలల మీద పుస్తకం అది. సర్వే వారి 6వ సంపుటం అడిగితే పాత దొరల పుస్తకమే చేతికొస్తుంది. ఒకసారి ఒక పిల్లవాడు ఇలాగే తప్పు సంపుటం తెచ్చుకుని, "ఇందులో మన ఊరే లేదు సార్" అని నాకు ఫోన్ చేశాడు.

పుస్తకం దొరికాక వెనక నుంచి చదవండి. చివర్లో ఇచ్చిన పాత రచనల జాబితాలో మీ ఊరి పేరు, మీ జిల్లా పేరు ఉన్నవాటికి టిక్కు పెట్టుకుని వాటిని వెతకండి. వాటి చివరి జాబితాలు కూడా చూడండి. నాలుగైదు మెట్లు దిగితే మీరు 1872కు చేరతారు.

మన బిలస్వర్గం గుహలనే చూడండి. చిన్నప్పుడు దాగుడుమూతలు ఆడాం, గబ్బిలాల కంపుకు బయటికి పరుగెత్తాం. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకం మొదలుపెట్టాడు, ఆ తర్వాత ఆయన కొడుకు కొనసాగించాడు. ఫుట్ రాసినది సర్వే వారి 'రికార్డ్స్' 17వ సంపుటంలో ఉంది, కాకపోతే 'బిల్లా సుర్గం' అని రెండు మాటలుగా రాశాడు. అక్కడ దొరికిన ఎముకల మీద లిడెక్కర్ 1886లో 'పాలియంటొలాజియా ఇండికా'లో రాశాడు. అందులో ఒక ఖడ్గమృగానికి మన కర్నూలు పేరు మీదుగానే 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టాడు. పిల్లలూ, మన గుహలో ఖడ్గమృగం ఎముకలు దొరికాయి! నాకు ఈ సంగతి తెలిసేసరికి ఇరవై మూడేళ్లు వచ్చాయి. మీకు పదిహేనేళ్లకే చెప్పేశాను.

ఫోన్‌లో ఏమీ ఉండవని నేననను. చాలా ఉన్నాయి. సర్వే వారి 'భూకోశ్' పోర్టల్‌లో జియాలజీ మ్యాపుల సమాచారం ఉచితంగా దొరుకుతుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఇప్పుడు ఇంటి నుంచే దించుకోవచ్చు. మన ప్రాంతం పాత నంబర్ 57 ఐ, కొత్త షీట్ల నంబర్లు డి 44తో మొదలవుతాయి. పాత రిపోర్టులో ఒక నంబర్, కొత్త షీటు మీద ఒక నంబర్ చూసి కంగారుపడొద్దు. పీహెచ్‌డీ థీసిస్‌లకు 'శోధ్‌గంగ' ఉంది. 1932 నుంచి వస్తున్న 'కరెంట్ సైన్స్' పాత సంచికలు ఊరికే చదువుకోవచ్చు. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ యూనివర్సిటీల పిల్లలకు పదమూడు వేలకు పైగా పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. ఒక్కో వ్యాసానికి వేలు అడిగే విదేశీ పత్రికలు కూడా వాటిలో ఉన్నాయి. దానికి లాగిన్ ఎక్కడ ఇస్తారు? లైబ్రరీలోనే. లైబ్రరీకి పోని పిల్లవాడు ఫోన్‌లో ఉన్నది కూడా పోగొట్టుకుంటున్నాడు.

ఇంకో సంగతి. నాకు దొరికినలాంటి ఎమ్మెస్సీ డిసర్టేషన్లు శోధ్‌గంగలో దొరకవు, అది పీహెచ్‌డీల కోసం పెట్టింది. బావుల పట్టికలు, చేత్తో రంగులు వేసిన మ్యాపులు ఇప్పటికీ డిపార్ట్‌మెంటు బీరువాల్లోనే ఉన్నాయి. కొన్నిచోట్ల చెదలు పట్టాయి, కొన్నిచోట్ల గది ఖాళీ చేయాలని తూకానికి వేశారు. పేర్లు చెప్పను. ఈ సభలో అధ్యాపకులు చాలామంది ఉన్నారు. మీ కాలేజీలో అలాంటి బీరువా ఉంటే, కనీసం ఏ ఊరి మీద ఎవరు పనిచేశారో ఒక జాబితా రాయించండి.

చదివినదల్లా నమ్మొద్దని కూడా చెప్పాలి. బొర్రా గుహల గురించి వెతకండి. 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ జార్జ్ వాటిని కనుక్కున్నాడని చాలాచోట్ల కనిపిస్తుంది. సర్వే పుట్టిందే 1851లో. పుట్టని ఆఫీసుకు ఉద్యోగి ఎలా ఉంటాడు? ఒకరు రాశారు, వందమంది ఎత్తి రాసుకున్నారు. లైబ్రరీలో అయిదు నిమిషాలు కూర్చుంటే తేలే విషయం.

అన్నిటికంటే ముఖ్యం, కౌంటర్ దగ్గర ఉన్న మనిషి. సిగ్గుపడకుండా అడగండి. "జియాలజీ పుస్తకాలు ఎక్కడ?" అని అడిగితే వేలు చూపిస్తారు. "కోయిలకుంట్ల మండలంలో బావుల మీద ఎవరైనా రాశారా?" అని అడిగితే లేచి వస్తారు. నాకు దారి చూపిన ఆయన ఎప్పుడు రిటైరయ్యారో, ఎక్కడున్నారో నాకు తెలియదు. ఉద్యోగం వచ్చాక ఒకసారి పోయి కృతజ్ఞతలు చెప్పాలనుకున్నాను. పోలేదు.

మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవం పేరుతో గేటు కట్టిస్తున్నారు, మంచిదే. బడి లైబ్రరీలో ఒక గోడ నాకు ఇప్పించండి. మన ప్రాంతపు టోపోషీట్లు, సర్వే వారి జిల్లా మ్యాపు ఫ్రేము కట్టించి అక్కడ పెడతాను, ఖర్చు నాది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో సర్వే వారి పాత మెమాయిర్లు చాలా ఉన్నాయి. కింగ్ సంపుటం, ఫుట్ వ్యాసం, లిడెక్కర్ బొమ్మలు అచ్చు వేయించి బైండు చేయిస్తాను. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మన పిల్లల్లో యూనివర్సిటీ లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లు మన జిల్లా మీద ఏమున్నాయో వెతికి పేర్లు పంపితే చాలు. ఏ స్పెల్లింగులతో వెతకాలో అన్నీ ఒక కాగితం మీద రాసి తెచ్చాను. కడపకు నాలుగు, కర్నూలుకు మూడు, బేతంచెర్లకు మూడు, బనగానపల్లెకు అయిదు. హెడ్మాస్టర్ గారికి ఇస్తున్నాను, నోటీసు బోర్డులో పెట్టించండి.

తమ్ముడూ, ఆ 1977 డిసర్టేషన్‌లో మన ఊరి పేజీ జిరాక్స్ తెచ్చాను. భోజనాల దగ్గర ఇస్తాను.